సభామర్యాద, సుగమ్యత: నిజాం రాష్ట్ర సభల అనుభవం, నేటి తెలుగు పరిశోధన సదస్సు

వ్యాససంగ్రహం

1921 నవంబరులో హైదరాబాదులో జరిగిన ఒక సంస్కరణ సభలో తెలుగులో మాట్లాడబోయిన వక్తను శ్రోతలు చప్పట్లతో, కేకలతో అడ్డుకున్నారు. ఆ అవమానం నుంచే నిజాం రాష్ట్రంలో ఆంధ్రోద్యమం మొదలైందన్న సంగతి సుప్రసిద్ధం. ఈ ఘటనను భాషాభిమాన చరిత్రలో భాగంగా చదవడం పరిపాటి. ప్రస్తుత వ్యాసం దీనిని సభానిర్వహణ చరిత్రలో భాగంగా చదువుతుంది. జోగిపేట (1930), సిరిసిల్ల (1935), భువనగిరి (1944) ఆంధ్రమహాసభల అనుభవాలను పరిశీలించి, వక్త పట్ల గౌరవం, సభలోకి ప్రవేశం అనే రెండూ ఒకే ప్రశ్నకు రెండు ముఖాలని ప్రతిపాదిస్తుంది. ఆ వెలుగులో నేటి తెలుగు శాఖల సదస్సులలో దివ్యాంగులు, మహిళలు, గ్రామీణ పరిశోధకులు ఎదుర్కొనే అవరోధాలను చర్చిస్తుంది.

కీలక పదాలు: సభామర్యాద, సుగమ్యత, ఆంధ్రజనసంఘం, ఆంధ్రమహాసభ, సిరిసిల్ల, పరిశోధన సదస్సు, దివ్యాంగుల హక్కులు, యూనికోడ్.

1. ఉపోద్ఘాతం

సభలో ఎట్లా మెలగాలన్న విచారణ మనకు కొత్తది కాదు. న్యాయదర్శనం వాదాన్ని, జల్పాన్ని, వితండాన్ని వేరు చేసి చెప్పింది. తత్త్వం తేల్చుకోవడానికి సాగేది వాదం. గెలుపు కోసం సాగేది జల్పం. తనదంటూ ఒక పక్షం నిలపకుండా ఎదుటివారి పక్షాన్ని కూలదోయడమే పనిగా పెట్టుకున్నది వితండం. ఇక అవధాన సభలో అంతరాయం కలిగించడానికే ఒక పృచ్ఛకుణ్ణి నియమిస్తారు. అప్రస్తుత ప్రసంగి అవధాని ధారణను చెదరగొట్టవచ్చు, నవ్వించవచ్చు, నవ్వులపాలు చేయజూడవచ్చు. అయితే ఆ పాత్ర అవధానికి ముందే తెలుసు. జవాబు చెప్పే హక్కు, సమయం ఆయనకు ఉంటాయి. అంతరాయానికి కూడా ఒక మర్యాద ఏర్పరచిన సంప్రదాయం ఇది.

ఈ విచారణ అంతా అప్పటికే సభలో కూర్చున్నవారి గురించి. ఆ సభలోకి ఎవరు రాగలిగారు, ఎవరు గుమ్మం దగ్గరే ఆగిపోయారు అన్న ప్రశ్న అందులో లేదు. ఆధునిక కాలంలోనూ ఈ రెండింటినీ విడదీసి చూడడమే అలవాటయింది. మొదటిదాన్ని సంస్కారం అంటాం. రెండవదాన్ని సౌకర్యం అని భోజన వసతి ఏర్పాట్ల జాబితాలో చేరుస్తాం. ఈ విభజన సరైనది కాదని నిజాం రాష్ట్ర సభల చరిత్ర చెబుతున్నది. ఆ చరిత్రలో ఒక ముఖ్య ఘట్టానికి వేదికైన సిరిసిల్ల, ఈ వ్యాసకర్త నివసించే కొడిమ్యాల ఒకనాడు కరీంనగర్ జిల్లాలోనివే. 2016 అక్టోబరులో జిల్లాల పునర్విభజనతో కొడిమ్యాల జగిత్యాల జిల్లాలోకి, సిరిసిల్ల రాజన్న సిరిసిల్ల జిల్లాలోకి వచ్చాయి. ఇక్కడి నుంచి చూసినప్పుడు సదస్సు అనేదానికి దూరం, ఖర్చు, భాష, మెట్లు అన్నీ ఒకేసారి కనిపిస్తాయి.

2. వివేకవర్ధిని సభ, 1921

1921 నవంబరులో నిజాం రాష్ట్ర సంఘసంస్కార సభ హైదరాబాదులోని వివేకవర్ధిని నాటకశాలలో జరిగింది. అధ్యక్షుడు పుణెకు చెందిన మహర్షి ధోండో కేశవ కార్వే. నవంబరు 12న న్యాయవాది ఆలంపల్లి వెంకటరామారావు ఒక తీర్మానంపై తెలుగులో మాట్లాడడానికి లేచారు. అప్పటిదాకా ఉర్దూ, మరాఠీ, ఇంగ్లీషు ప్రసంగాలను విన్న శ్రోతలలో కొందరు తెలుగు మాట చెవిన పడగానే చప్పట్లు కొట్టి, గేలి చేసి ఆయన ప్రసంగం సాగకుండా చేశారు.

ఇక్కడ కొన్ని అంశాలు గమనార్హం. అది సంస్కరణ సభ. వచ్చినవారు చదువుకున్నవారు, స్త్రీవిద్యను, సాంఘిక సమానత్వాన్ని కోరేవారు. అధ్యక్షస్థానంలో ఉన్న కార్వే 1916లో మహిళా విశ్వవిద్యాలయాన్ని స్థాపించి, దేశభాషలోనే ఉన్నత విద్య చెప్పవచ్చునని నిరూపించడానికి పూనుకున్న మనిషి. నిజాం రాష్ట్ర జనాభాలో దాదాపు సగం మందికి తెలుగు మాతృభాష. అయినప్పటికీ తెలుగు ఆ వేదికపై అపహాస్యం పాలైంది. కనుక ఈ అవమానాన్ని మూర్ఖుల దుష్ప్రవర్తనగా కొట్టిపారేయడానికి వీలులేదు. సదుద్దేశం గల సభలో, సదుద్దేశం గల అధ్యక్షుని ఎదుట జరిగింది. ఏ భాషలో మాట్లాడవచ్చు, శ్రోతలు అడ్డుపడితే ఎవరు వారించాలి అన్న నియమం ముందుగా లేనిచోట, సభలో ఎక్కువ బలం గలవారి అలవాటే నియమమవుతుంది. ఆనాటి హైదరాబాదు నగరంలో ఆ బలం ఉర్దూ, మరాఠీ విద్యావంతులది. రాజభాష ఉర్దూ. ఉస్మానియా విశ్వవిద్యాలయం అప్పటికి మూడేళ్ల క్రితమే ఉర్దూ మాధ్యమంగా ప్రారంభమైంది.

అవమానపడినవారు ఆ రాత్రే టేకుమాల రంగారావు ఇంట సమావేశమై ఆంధ్రజనసంఘాన్ని ఏర్పాటు చేసుకున్నారు. 1922 ఫిబ్రవరి 24న కొండా వెంకట రంగారెడ్డి ఇంట సంఘం తొలి సమావేశం జరిగింది. బారిస్టర్ రాజగోపాలరెడ్డి అధ్యక్షుడిగా, మాడపాటి హనుమంతరావు కార్యదర్శిగా సంఘం పని మొదలుపెట్టింది. గ్రంథాలయాలు, పఠనాలయాలు, వెట్టిచాకిరీకి వ్యతిరేకంగా ప్రచారం ఆ పనిలో భాగాలు. పరిశోధకులుగా మనకు మరింత దగ్గరి విషయం ఒకటుంది. ఈ చైతన్యం నుంచే లక్ష్మణరాయ పరిశోధకమండలి పుట్టింది. కొమర్రాజు లక్ష్మణరావు పేరిట నడిచిన ఆ మండలి తెలంగాణ శాసనాలను సేకరించి ప్రకటించింది. ఈనాడు కాకతీయ యుగంపై పనిచేసే ఏ పరిశోధకుడైనా తిరగేసే ఆ శాసనసంపుటం వెనుక, ఒక వక్తను మాట్లాడనివ్వని సాయంత్రం ఉన్నదని గుర్తుంచుకోవడం అవసరం.

3. జోగిపేట నుంచి సిరిసిల్లకు

అవమానం పొందినవారు ఏర్పరచుకున్న సభ మరొకరిని అవమానించదా? ఈ ప్రశ్న జోగిపేటలోనే ఎదురైంది.

1930 మార్చిలో మెదక్ జిల్లా జోగిపేటలో సురవరం ప్రతాపరెడ్డి అధ్యక్షతన ప్రథమాంధ్రమహాసభ జరిగింది. దానికి భాగ్యరెడ్డివర్మ వచ్చారు. 1906లోనే జగన్మిత్రమండలిని స్థాపించి హైదరాబాదు దళితులలో పనిచేస్తున్న నాయకుడాయన. ఆయన సభలో పాల్గొనడాన్ని ఛాందసులు ఆక్షేపించారు. నాయకులు నచ్చజెప్పిన మీదట ఆక్షేపణ నిలువలేదు. తెలుగు మాట్లాడినందుకు అవమానపడిన వర్గం తొమ్మిదేళ్లు తిరగకుండానే, అదే తెలుగు మాట్లాడే మరొకరిని పందిరి బయట నిలపజూసింది. ఆంధ్రోద్యమ చరిత్రను రాసేవారు ఈ ఘట్టాన్ని ఒక వాక్యంలో దాటవేస్తుంటారు. నా దృష్టిలో వివేకవర్ధిని ఘటనకు ఉన్నంత ప్రాధాన్యం దీనికీ ఉంది.

భాగ్యరెడ్డివర్మకు సభలో పేరు ఎంత ముఖ్యమో ముందే తెలుసు. 1917 నవంబరులో బెజవాడలో ప్రథమాంధ్రదేశ పంచమ మహాసభకు ఆయన అధ్యక్షత వహించారు. 'పంచమ' అన్న పేరునే ఆయన తిరస్కరించారు. ఈ నేలకు మొదటివారమైన మేము ఐదవవారం ఎట్లా అవుతామన్నది ఆయన వాదసారం. ఆ సభ ఆది ఆంధ్ర మహాసభగా పేరు మార్చుకుంది. ఆహ్వానపత్రంపై అచ్చయిన పేరును అధ్యక్షుడే సభలో మార్పించిన సందర్భాలు మన చరిత్రలో అరుదు. ఎవరిని ఏమని పిలవాలో నిర్ణయించే హక్కు పిలవబడేవారిదేనన్న ఈ సూత్రాన్ని నేడు ప్రపంచవ్యాప్తంగా సదస్సుల ప్రవర్తనా నియమావళులు మొదటి పుటలో రాసుకుంటున్నాయి.

మహాసభతో పాటు మహిళాసభ విడిగా జరిగేది. జోగిపేటలో నడింపల్లి సుందరమ్మ, ఖమ్మంలో యల్లాప్రగడ సీతాకుమారి, సిరిసిల్లలో మాడపాటి మాణిక్యమ్మ అధ్యక్షత వహించారు. వేరే వేదిక ఉండడం వల్ల మహిళలు అధ్యక్షస్థానంలో కూర్చోగలిగారు, తీర్మానాలు చేయగలిగారు. అదే సమయంలో ప్రధాన మహాసభ అధ్యక్షుల వరుసలో పురుషులే మిగిలారు. ప్రత్యేక వేదిక ఒక తలుపు తెరిచి మరొకటి మూసివుంచుతుందన్న ఈ అనుభవాన్ని, నేటి సదస్సులలో 'మహిళా సమావేశం' అని ఒకదానిని కేటాయించి స్త్రీల పత్రాలన్నిటినీ అందులోకే పంపే నిర్వాహకులు ఒకసారి తలచుకోవాలి.

నాల్గవ ఆంధ్రమహాసభ 1935లో సిరిసిల్లలో జరిగింది. అధ్యక్షుడు మాడపాటి హనుమంతరావు. 1922లో సంఘ కార్యదర్శిగా కాగితాలు రాసిన మనిషే పదమూడేళ్ల తర్వాత ఒక మారుమూల తాలూకా కేంద్రంలో అధ్యక్షపీఠం ఎక్కారు. సిరిసిల్లకు అప్పుడు రైలు లేదు. మనోహరాబాద్–కొత్తపల్లి మార్గం 2023లో సిద్దిపేటదాకా వచ్చింది గాని, సిరిసిల్లకు రైలు ఇంకా రాలేదు. అటువంటి ఊరిలో రాష్ట్రస్థాయి మహాసభ పెట్టడం వెనుక ఒక దృక్పథం ఉంది. మహాసభలు జరిగిన చోట్లను వరుసగా చూస్తే అది స్పష్టమవుతుంది. జోగిపేట, దేవరకొండ, ఖమ్మం, సిరిసిల్ల, షాద్‌నగర్, నిజామాబాద్, మల్కాపురం, చిలుకూరు, ధర్మవరం. పదవ సభ కోసం గాని అది రాజధానికి రాలేదు. సభకు జనం రాలేకపోతే సభే జనం దగ్గరికి వెళ్లింది. సుగమ్యత అన్న మాట అప్పుడు వాడుకలో లేదు. పని మాత్రం జరిగింది.

అది సులువైన పని కూడా కాదు. 1929 నాటి గస్తీ నిషాన్ 53 ప్రకారం సభ జరపాలంటే ప్రభుత్వ అనుమతి ముందుగా తీసుకోవాలి. రాజకీయ ప్రసంగాలకు తావు లేదు. పందిరి గుంజ పాతడానికి ముందు కాగితం కోసం తిరగాలి. ఇన్ని నిర్బంధాల మధ్య కూడా నిర్వాహకులు ఊరూరా సభలు పెట్టారంటే, హాలు దొరకలేదు, వ్యవధి చాలలేదు అనే నేటి సాకులు కొంచెం చిన్నబోతాయి.

4. రూపాయి, నాలుగణాలు

ప్రవేశానికి అడ్డు మెట్లు, కులం, భాష మాత్రమే కావు. రుసుము కూడా అడ్డే. ఆంధ్రమహాసభ సభ్యత్వ రుసుము చాలాకాలం రూపాయి. రూపాయి చెల్లించగలిగే రైతుకూలీ ఆనాటి తెలంగాణ పల్లెలో ఎందరుంటారు? 1944లో భువనగిరిలో రావి నారాయణరెడ్డి అధ్యక్షతన జరిగిన పదకొండవ మహాసభ దానిని నాలుగణాలకు తగ్గించింది. ఫలితంగా పల్లెజనం వెల్లువెత్తారు. మితవాదులు వేరుపడ్డారు. రాజకీయ కారణాలు అనేకం ఉన్నా, చీలిక ఇదే సభ దగ్గర జరగడం యాదృచ్ఛికం కాదు. పన్నెండణాల తేడా సభ స్వరూపాన్నే మార్చివేసింది. తలుపు వెడల్పు చేసినప్పుడు లోపలికి వచ్చేవారు పాత మర్యాదల ప్రకారమే కూర్చుంటారని ఆశించడం అత్యాశ. వారు తమ మాటతో, తమ ఎజెండాతో వస్తారు. ఆ భయమే చాలాచోట్ల రుసుమును నిలిపి ఉంచుతుంది.

భాష విషయంలోనూ సభలోపల మథనం సాగింది. మహాసభలో తెలుగు మాత్రమే వినిపించాలా, ఈ నేలపై పుట్టి ఉర్దూ మాట్లాడేవారికి కూడా చోటివ్వాలా అన్న వాదం 1930ల రెండవ సగంలో బలంగా నడిచింది. వివేకవర్ధిని గాయం తెలిసినవారికి ఇది తేలికైన ప్రశ్న కాదు. తెలుగుకు చోటు సంపాదించడం కోసం పుట్టిన సంస్థ ఇతర భాషను బయట పెడితే తాను ఏ నియమాన్ని ఎదిరించిందో దానినే పాటించినట్లవుతుంది. పెట్టకపోతే బలమైన భాష మళ్లీ తెలుగును మింగుతుందేమోనన్న శంక. నేడు తెలుగు శాఖ జరిపే అంతర్జాతీయ సదస్సులో ఇంగ్లీషు పత్రాన్ని అనుమతించాలా అన్న చర్చ వచ్చినప్పుడల్లా అదే సందిగ్ధం కొత్త రూపంలో ఎదురవుతుంది.

5. వినికిడి లేని వాదకుడు

సభాచరిత్రలో దివ్యాంగుల ఊసు వెతికితే మొదట తగిలే పేరు గిడుగు వెంకట రామమూర్తి (1863–1940). సవరల మధ్య తిరిగినప్పుడు సోకిన మలేరియాకు వాడిన క్వినైన్ వల్ల ఆయనకు చెవుడు వచ్చింది. ఈ సంగతి ఆయన జీవితచరిత్రలన్నిటిలో కనబడుతుంది గాని, దాని పర్యవసానాన్ని ఆలోచించినవారు తక్కువ. ఆధునిక తెలుగులో అతి తీవ్రమైన వాదాన్ని, గ్రాంథిక వ్యావహారిక వివాదాన్ని, సభ తర్వాత సభలో నడిపిన మనిషికి ప్రతివాది మాట సరిగా వినిపించదు. 1919లో 'తెలుగు' అనే పత్రికను స్థాపించి వాదాన్ని అచ్చులో సాగించడం, పూర్వకవుల ప్రయోగాలను కుప్పలుగా ఉదాహరించి రాతపూర్వకంగా సవాలు చేయడం ఆయన పద్ధతి. దీనిని పాండిత్య లక్షణంగా చెబుతారు. వినికిడి లేని పండితుడు తనకోసం తానే ఏర్పరచుకున్న సుగమ్యతా మార్గంగా కూడా దీనిని చూడవచ్చునని నా అభిప్రాయం. చెవిని నమ్ముకోలేనప్పుడు కాగితాన్ని నమ్ముకున్నాడు.

గిడుగు పేరిట ఆగస్టు 29న తెలుగు భాషాదినోత్సవం జరుపుకుంటున్నాం. ఆ రోజు జరిగే సభలలో వినికిడి లేనివారికోసం ప్రసంగపాఠం ముందే అచ్చువేసి చేతికివ్వడం ఎంత ఖర్చు? పది పుటల నకళ్లు. అమెరికాలోని ఆధునిక భాషా సమాఖ్య తన వార్షిక సదస్సులో పత్రం చదివేవారిని పెద్ద అక్షరాల ప్రతులు వెంట తెచ్చుకొమ్మని కోరుతుంది. మన దగ్గర ఇందుకు డబ్బు అడ్డంకి కాదు. శాలువాలకు, జ్ఞాపికలకు అంతకంటే ఎక్కువే వెచ్చిస్తున్నాం.

6. నేటి సదస్సు, నేటి చట్టం

పరిశోధక విద్యార్థికి సదస్సు విలాసం కాదు. విశ్వవిద్యాలయ నిధుల సంఘం 2016 నిబంధనల ప్రకారం, సిద్ధాంతగ్రంథం సమర్పించే ముందు రెండు సదస్సులలోనైనా పత్రాలు చదివివుండాలి. 2022 నిబంధనలలో ఆ షరతు తొలగింది. ఆ మధ్యకాలంలో ర్యాంపు లేని హాలు అంటే అర్థం, డిగ్రీకి దారిలేని హాలు అని. అధ్యాపకుల పదోన్నతికి 2010 నుంచి పాయింట్ల పద్ధతి వచ్చాక అదే ఒత్తిడి ఉద్యోగులపైనా పడింది. సదస్సులు పెరిగాయి, పత్రాలు పెరిగాయి, చదివే సమయం తగ్గింది. ప్రారంభ సభలో అతిథుల సన్మానాలు ముగిసేసరికి మధ్యాహ్నమవుతుంది. మిగిలిన పూటలో ముప్పై పత్రాలు. ఒక్కొక్కరికి మూడు నిమిషాలు. రెండేళ్ల క్షేత్రపర్యటనను మూడు నిమిషాలకు కుదించమనడం కూడా ఒక విధమైన అగౌరవమే. వేదికమీది పెద్దలు ఫోన్లు చూసుకుంటుండగా ఖాళీ కుర్చీలకు పత్రం వినిపించిన అనుభవం మనలో చాలామందికి ఉంది.

ఒక సదస్సులో చూసిన సంగతి చెబుతాను. సమావేశాలన్నీ మూడవ అంతస్తులో. లిఫ్టు పనిచేయడం లేదు. చక్రాల కుర్చీలో వచ్చిన ఒక పరిశోధకుణ్ణి నలుగురు కుర్రవాళ్లు ఎత్తి పైకి తీసుకుపోతామన్నారు. ఆయన మర్యాదగా వద్దన్నాడు. నిర్వాహకులు నొచ్చుకున్నారు, సాయం చేస్తామంటే కాదన్నాడని. చివరికి ధ్రువీకరణపత్రం కిందికి పంపారు. పత్రం చదవకుండానే చదివినట్లు ధ్రువీకరణ! అందులో ఎవరికీ దురుద్దేశం లేదు. వివేకవర్ధినిలో కార్వేకు లేనట్లే. తన శరీరాన్ని నలుగురు మోయడం ఒక మనిషికి ఎందుకు ఇష్టం కాకపోవచ్చునో ఆలోచించే సందర్భం మాత్రం అక్కడివారికి ఎప్పుడూ రాలేదు. ఆ సమావేశాన్ని కింది అంతస్తులోని ఒక తరగతిగదికి మార్చాలని ఎవరికీ తోచలేదు.

చట్టం దీనిని దయగా చూడడం లేదు. 1995 నాటి చట్టం ఏడు రకాల వైకల్యాలను గుర్తించగా, 2017 ఏప్రిల్ 19 నుంచి అమలులోకి వచ్చిన దివ్యాంగుల హక్కుల చట్టం, 2016 ఇరవై ఒకటింటిని గుర్తించింది. 'సహేతుక సర్దుబాటు' చేయకపోవడాన్ని వివక్షగానే పరిగణించింది. 2015 డిసెంబరు 3న కేంద్రప్రభుత్వం సుగమ్య భారత్ అభియాన్‌ను ప్రారంభించింది. ఈ వ్యాసంలో వాడిన సుగమ్యత అన్న మాటకు ప్రాచుర్యం అక్కడినుంచే వచ్చింది. ఉన్నత విద్యాసంస్థలకు ప్రత్యేకించి విశ్వవిద్యాలయ నిధుల సంఘం 2022లో సుగమ్యతా మార్గదర్శకాలు ప్రకటించింది. మార్గదర్శకాలు అన్న మాటలోనే ఇబ్బంది ఉంది. పాటించినా, పాటించకున్నా నడుస్తుంది. రాజీవ్ రాతూరీ కేసులో సుప్రీంకోర్టు 2024 నవంబరు 8న ఈ ఇబ్బందినే ఎత్తిచూపింది. సుగమ్యత ప్రమాణాలు సిఫారసులుగా మిగిలిపోరాదని, తప్పనిసరి నియమాలు రూపొందించాలని ఆదేశించింది. ఆ తీర్పుకు ఆధారమైన అధ్యయన నివేదికను కోర్టు కోరిన మీదట తయారుచేసింది హైదరాబాదులోని నల్సార్ విశ్వవిద్యాలయానికి చెందిన వైకల్య అధ్యయన కేంద్రం. దేశానికి ప్రమాణం చెప్పిన అధ్యయనం మన రాష్ట్రంలోనే తయారైంది.

మహిళల విషయంలోనూ ఇంతే. 1997 విశాఖ తీర్పు, దానిని అనుసరించిన 2013 చట్టం పనిస్థలాన్ని కార్యాలయం నాలుగు గోడలకు పరిమితం చేయలేదు. ఉద్యోగరీత్యా వెళ్లిన ప్రతి చోటూ పనిస్థలమే. అంటే సదస్సు హాలు, సంస్థ ఏర్పాటు చేసిన వాహనం కూడా ఆ పరిధిలోకి వస్తాయి. ఉన్నత విద్యాసంస్థలలో విద్యార్థినులకు కూడా వర్తించేలా 2015లో నిబంధనలు వచ్చాయి. సదస్సు ఆహ్వానపత్రికలో స్వాగత సంఘం, భోజన సంఘం, వసతి సంఘం అని పేర్లుంటాయి. ఇబ్బంది ఎదురైతే ఎవరికి చెప్పాలో మాత్రం ఉండదు. పర్యవేక్షకుని కనుసన్నలలో నడవవలసిన పరిశోధక విద్యార్థిని, ఆయన మిత్రుడైన అతిథి అనుచిత వ్యాఖ్యను ఎవరితో చెప్పుకోగలదు? ఒక పేరు, ఒక ఫోన్ నంబరు ఆ పత్రికమీద ఉండడం చిన్న విషయంగా కనిపించవచ్చు. ప్రపంచంలో అనేక విద్వత్సంఘాలు ఇప్పుడు అదే చేస్తున్నాయి.

భాషాపరమైన గేలి పోయిందా? రూపం మారింది. తెలంగాణ పలుకుబడితో పత్రం చదివే గ్రామీణ విద్యార్థిని 'యాస' పేరుతో వెక్కిరించడం తగ్గింది, పూర్తిగా ఆగలేదు. ఇంగ్లీషు ఉచ్చారణ తడబడినప్పుడు వెనుక వరుసల నుంచి వినిపించే ఇకిలింపు వివేకవర్ధిని చప్పట్ల సంతానమే. దానిని వెంటనే వారించవలసింది సమావేశాధ్యక్షులు. సమయపాలనతో పాటు అది కూడా తమ బాధ్యత అని భావించే అధ్యక్షులను నేను ఎరుగుదును. వారి సమావేశాలలో కొత్తవారు ధైర్యంగా ప్రశ్నలు వేస్తారు.

2020లో మహమ్మారి కారణంగా సదస్సులు అంతర్జాలానికి మారినప్పుడు కొడిమ్యాల వంటి చోట్ల ఒక వింత జరిగింది. అంతకు ముందు హైదరాబాదుకో తిరుపతికో పోలేని అతిథి అధ్యాపకులు, చంటిబిడ్డల తల్లులైన పరిశోధకులు, నడవలేనివారు ఇంట్లోనుంచే జాతీయ సదస్సులలో పత్రాలు చదివారు. నెట్ సరిగా లేక మిద్దెక్కి చదివినవారూ ఉన్నారు. మహమ్మారి తగ్గగానే చాలా శాఖలు పాత పద్ధతికి మళ్లాయి. కనీసం ఒక సమావేశాన్నైనా ఉభయ విధాలుగా జరపడానికి ఇప్పుడు సాంకేతికంగా ఏ అడ్డంకీ లేదు. సభ సిరిసిల్లకు వెళ్లిన రోజులు గుర్తున్నవారికి ఇది పెద్ద కోరికగా తోచదు.

7. అక్షరం కూడా మెట్టే

తెలుగు శాఖలకు మాత్రమే ప్రత్యేకమైన ఒక అవరోధం ఉంది. చూపులేని అధ్యాపకులు, పరిశోధకులు తెర చదివే సాఫ్ట్‌వేర్ సాయంతో కంప్యూటరు వాడుతారు. ఉచితంగా దొరికే ఎన్‌వీడీఏ తెలుగును కూడా చదువుతుంది. అయితే అది చదవాలంటే అక్షరం యూనికోడ్‌లో ఉండాలి. మన సదస్సు సంచికలలో చాలాభాగం నేటికీ అను ఫాంట్లలో పేజీమేకర్‌లో తయారవుతున్నాయి. కంటికి అవి చక్కని తెలుగు అక్షరాలు. యంత్రానికి అవి అర్థంలేని ఇంగ్లీషు గుర్తుల గుంపు. తెర చదివే సాఫ్ట్‌వేర్ వాటిని ఆ గుర్తులుగానే వినిపిస్తుంది. యూనికోడ్ తొలి కూర్పులో, 1991లోనే, తెలుగుకు చోటు దక్కింది. మూడు దశాబ్దాలు గడిచినా అచ్చుశాల అలవాటు మారలేదు.

దీని పర్యవసానం ఊహించదగినదే. ఐఎస్‌బీఎన్ సంఖ్యతో అచ్చయిన సంచికలో తన పత్రం ఎట్లా వచ్చిందో చూపులేని రచయిత స్వయంగా చదువుకోలేడు. తప్పులు దిద్దలేడు. ఇతరుల పత్రాలను ఉదాహరించాలంటే ఎవరైనా చదివి వినిపించాలి. ముద్రిత గ్రంథాలు చదవలేనివారికోసం కుదిరిన మరకేష్ ఒప్పందాన్ని 2014లో అందరికంటే ముందు ఆమోదించిన దేశం మనది. 2012లో కాపీరైటు చట్టాన్ని సవరించి, దివ్యాంగులకు అనువైన ప్రతులు తయారుచేసుకునే వెసులుబాటు కల్పించాం. చట్టం తెరిచిన తలుపును ఫాంటు మూసింది. పాత అను దస్త్రాలను యూనికోడ్‌కు మార్చే పరికరాలు దొరుకుతున్నాయి. మార్చిన తర్వాత ఒత్తులు, సంయుక్తాక్షరాలు దిద్దుకోవడానికి కొంత శ్రమ పడుతుంది. ఆ శ్రమకు తెలుగు ఎం.ఏ. చదివే విద్యార్థులకంటే తగినవారు ఎవరు?

పత్రాల ఆహ్వానంలో 'అను 7 ఫాంటులో పంపవలెను' అన్న వాక్యం ఇప్పటికీ కనిపిస్తుంటుంది. దానిని 'యూనికోడ్‌లో పంపవలెను' అని మార్చడానికి ఏ కమిటీ ఆమోదం అక్కరలేదు. కన్వీనర్ ఒక్కరు చాలు. ఆ పనికి రూపాయి ఖర్చు లేదు.

పాత గ్రంథాల స్థితి ఇంతకంటే క్లిష్టం. అంతర్జాలంలో దొరికే వెనుకటి తెలుగు పుస్తకాలలో అత్యధికం పుటల ఛాయాచిత్రాలే. యంత్రం ద్వారా అక్షరాలను గుర్తించే పద్ధతి మెరుగుపడుతున్నా, పాత సీసపు అచ్చుల దగ్గర అది తడబడుతుంది. మాడపాటి హనుమంతరావు 'తెలంగాణా ఆంధ్రోద్యమము' అటువంటి పాత అచ్చు పుస్తకమే. 1921 నవంబరులో వివేకవర్ధిని నాటకశాలలో ఏం జరిగిందో ఆ పుటలలో చదవదలచిన చూపులేని పరిశోధకుడు, ఈ రోజుకు కూడా, పక్కన కూర్చుని చదివిపెట్టే మనిషి దొరికేదాకా ఆగవలసిందే.